పైకప్పు నుంచి మొదలుపెట్టి: కామారెడ్డి చుట్టుపక్కల గడీలు, కోటలు డ్రోన్‌తో

డిసెంబరు చివరి పక్షంలో కామారెడ్డి చుట్టూ వానాకాలం వరి కోతలు అయిపోయి ఉంటాయి, యాసంగి నాట్లు ఇంకా ఊపందుకోవు. గాలి తక్కువ, ఆకాశం శుభ్రం. డ్రోన్ దించుకోవడానికి ఏ ఊరి పక్కనైనా ఖాళీ మడి దొరుకుతుంది. సంక్రాంతి దగ్గర పడితే పతంగులు లేస్తాయి. మాంజా దారం ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే డ్రోన్ నేరుగా కిందికే వస్తుంది కాబట్టి ఈ పని జనవరి రాకముందే ముగించుకోవాలి.

పాత కట్టడం కప్పు దగ్గరే కూలడం మొదలవుతుంది. నేల మీద నిలబడి తీసే ఫొటోల్లో దర్వాజా, కమానులు, స్తంభాల మీది సున్నపు పూలు అన్నీ వస్తాయి కానీ, నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో, ఏ పిట్టగోడలో రావి మొక్క లేచిందో, ఏ తూము పూడిందో కనబడవు. ఆ మిద్దె ఎక్కితే కాళ్ల కింద కూలుతుందేమోనని ఎవరూ ఎక్కరు కూడా. మన పల్లెల్లోని గడీలకు, అంటే పాత దొరల కోటల్లాంటి ఇళ్లకు, డ్రోన్ చేయగల పెద్ద మేలు ఆ కప్పును చూపించడమే. వంద మీటర్ల ఎత్తు నుంచి ఊరంతా కనబడే ఫొటో అందంగానే ఉంటుంది. కానీ మరమ్మతు చేసేవాడికి దానితో పని లేదు.

వెంట ఉన్నది 250 గ్రాముల లోపు, నానో తరగతి డ్రోన్. 2021 డ్రోన్ నియమాల ప్రకారం దీనికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. అయినా గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల ప్రాంతంలో) 400 అడుగుల, అంటే 120 మీటర్ల హద్దు దీనికీ వర్తిస్తుంది. బయలుదేరే ముందు ఎయిర్‌స్పేస్ మ్యాప్‌లో ఆ ఊరు ఏ రంగులో ఉందో చూడటం తప్పనిసరి. 249 గ్రాములని పెట్టె మీద రాసి ఉన్నా, ఫిల్టరు, ప్రొపెల్లర్ గార్డులు, స్టిక్కర్లు అంటించాక కాటా మీద పెట్టి చూడాలి. 250 దాటితే అది మైక్రో తరగతిలోకి పోతుంది, నియమాలు మారిపోతాయి.

శనివారం, డిసెంబరు 20: దోమకొండ

కామారెడ్డి నుంచి బండి మీద అరగంట దారి. తెల్లవారుజామున మంచు బాగా పడుతుంది. చల్లటి గాలిలోంచి వచ్చిన డ్రోన్‌ను వెచ్చటి గదిలోకి తీసుకెళ్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. దాన్ని బ్యాగులోనే ఉంచి బయటే వదిలేయడం మేలు. బ్యాటరీల సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం, వాటిని చొక్కా లోపలి జేబులో వెచ్చగా పెట్టుకోవాలి. చల్లబడిన లిథియం బ్యాటరీ 40 శాతం చూపిస్తూనే ఉన్నట్టుండి పడిపోతుంది. ఎగరగానే రెండు మీటర్ల ఎత్తులో ఒక నిమిషం నిలిపి ఉంచితే అది వేడెక్కుతుంది, మోటార్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చెవికీ తెలుస్తుంది.

దోమకొండ కోటను ముందుగా చూడటానికి కారణం ఉంది. కామినేని వంశీకుల చేతిలోని ఈ కోటను బాగుచేసిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో అవార్డ్ ఆఫ్ మెరిట్ వచ్చింది. బాగున్న సున్నపు మిద్దె పైనుంచి ఎలా ఉంటుందో ఇక్కడ కళ్లకు కట్టించుకుంటే, పాడైన మిద్దెలో తేడా ఇట్టే పట్టవచ్చు. వాలు ఏ వైపు ఉంది, నీళ్లు ఏ తూము వైపు పోతున్నాయి, పిట్టగోడకూ మిద్దెకూ మధ్య మూలలో సున్నం ఎలా గుండ్రంగా తీర్చారు, ఇవన్నీ చూసి పెట్టుకోవాలి. ఆ మూల తీర్చిన చోట పగులు వస్తే గోడలోకి నీళ్లు దిగడానికి అదే మొదటి దారి.

ఇది ప్రైవేటు ఆస్తి. గేటు దగ్గర మాట అడిగితే సరిపోదు, ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఏ రోజు, ఏ వేళకు, ఎంత ఎత్తు వరకు అన్నది చెప్పాలి. లోపల కాకతీయుల నాటి మహాదేవాలయం ఉంది. పూజ వేళ శిఖరం మీదుగా పోనివ్వకూడదు. పూజారి గారిని ముందే కలిసి హారతి ఎప్పుడో అడిగితే ఆయనే వేళ చెబుతారు.

అద్దాల మేడ లాంటి రెండంతస్తుల ముఖాన్ని తీయడానికి ఆరు నుంచి ఎనిమిది మీటర్ల ఎత్తు చాలు. కట్టడం ఎత్తులో సగానికి డ్రోన్ నిలిపి, గింబల్‌ను (కెమెరాను పట్టుకుని వంచే భాగాన్ని) సున్నా డిగ్రీల దగ్గర ఉంచితే గోడలు నిట్టనిలువుగా వస్తాయి. కింద నిలబడి కెమెరా పైకెత్తితే గోడలు లోపలికి ఒరిగినట్టు, పైనుంచి కిందికి వంచితే పునాది సన్నబడినట్టు వస్తాయి. పాత ఇంజనీర్లు నిచ్చెన మీది నుంచి చేసిన పనే ఇది, ఇప్పుడు నిచ్చెన గాల్లో నిలబడుతుంది.

తెల్లటి సున్నపు గోడ ఎక్స్‌పోజర్‌ను మోసం చేస్తుంది. ఆటో మోడ్‌లో వదిలేస్తే తెలుపు బూడిద రంగుకు దిగుతుంది, లేదా నీడలోని కమాను కోసం చూసుకుని గోడ మొత్తం పాలిపోతుంది. ఐఎస్ఓ 100, మాన్యువల్, రా ఫార్మాట్ (సెన్సర్ చూసిందంతా మార్చకుండా దాచే ఫైలు) పెట్టాలి. హిస్టోగ్రామ్ (తెర మీది వెలుగు గ్రాఫు) కుడి అంచుకు తగలకుండా చూసుకుని, మూడు ఎక్స్‌పోజర్ల బ్రాకెట్, అంటే ఒకే దృశ్యాన్ని మూడు వెలుగుల్లో, తీసుకోవాలి. ఎఫ్/1.7 దగ్గర స్థిరంగా ఉండే లెన్సు అయితే ఎర్రటి ఎండలో షట్టరు 1/8000 సెకను దగ్గర కూడా సరిపోదు. వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు, 8 గానీ 16 గానీ వేయాలి. పొద్దున ఎనిమిది లోపు ఆ అవసరం రాదు.

కోట చుట్టూ ఉన్న కందకం మీద ఒక జాగ్రత్త. డ్రోన్ అడుగు భాగంలోని సెన్సర్లు నేల మీది గీతలు, రాళ్లు చూసుకుని నిలబడతాయి. నిశ్చలమైన నీటి మీద అవి ఏమీ గుర్తుపట్టలేక డ్రోన్‌ను జరిపేస్తాయి. నీటి మీద రెండు మూడు మీటర్ల కంటే కిందికి దించకూడదు.

పది దాటాక గాలి లేచింది. బస్టాండు దగ్గరి హోటల్లో పల్లి చట్నీతో ఇడ్లీ, పక్కన మిర్చి బజ్జి. ప్లేటు ఇడ్లీ 30, చాయ్ 10. బ్యాటరీలు చార్జింగ్ పెట్టుకోవడానికి హోటలాయన ప్లగ్గు చూపించి, ఇది మందు కొట్టే డ్రోనా అని అడిగాడు. కాదన్నాక కూడా “ఎకరానికి ఎంత తీస్కుంటున్రు సార్?” అని పక్క బల్ల మీది రైతు అందుకున్నాడు. పల్లెలో డ్రోనంటే ఇప్పుడు పొలాల్లో పిచికారీ చేసేదే.

ఆదివారం, డిసెంబరు 21: కప్పు కూలుతున్న గడీ

ఈ ఊరి పేరు రాయడం లేదు. గడీ వారసులు హైదరాబాదులో ఉంటారు. ఫొటోలు తీసుకోండి గానీ ఊరి పేరు పెట్టవద్దని కోరారు. గుప్తనిధుల కోసం రాత్రిపూట తవ్వకాలు జరిగిన జాగా అది. దేవుడి గది నేలను, ఒక బురుజు అడుగును తవ్వి పోశారు. అందుకే ఇలాంటి చోట తీసిన ఫొటోలు ఎవరికి పంపినా ముందు అందులోని జీపీఎస్ వివరాలు తీసేయాలి. డ్రోన్ ఫొటోలో అక్షాంశ రేఖాంశాలు దానంతట అవే నమోదవుతాయి.

ఊళ్లోకి రాగానే పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగి, సర్పంచికీ కార్యదర్శికీ చెప్పి, పోలీస్ స్టేషనుకు ఫోన్ చేసి మొదలుపెట్టడం పద్ధతి. లేకపోతే మొదటి ప్రశ్న “భూములు కొలుస్తున్రా?” అని వస్తుంది. సర్వే పేరు చెబితే చాలు, ఎవరి గెట్టు ఎటు పోతుందోనని జనం గుంపు అవుతారు. రావిచెట్టు గద్దె దగ్గర కంట్రోలర్ తెర చూపించి, ఇది గడీ కప్పు మాత్రమే చూస్తుందని ముందే చెబితే పని సాఫీగా సాగుతుంది. పిల్లలు పదిమంది చేరతారు. వారిలో పెద్దవాడికి “తమ్మీ, కోతులు వస్తే చెప్పు” అని ఒక బాధ్యత అప్పగిస్తే మిగతా పిల్లలు వాడి మాట వింటారు. కోతుల సంగతి ఆషామాషీ కాదు, బ్యాగు జిప్పు తీసి బ్యాటరీ ఎత్తుకుపోతాయి.

ఇంకో మర్యాద ఇంతకంటే ముఖ్యం. గడీ ఊరి నడుమ ఉంటుంది. చుట్టూ ఇళ్ల పెరళ్లలో పొద్దున స్నానాలు జరుగుతుంటాయి. ఆ వేళ డ్రోన్ ప్రహరీ దాటకూడదు. కెమెరా ముఖం ఎప్పుడూ గడీ లోపలి వైపే ఉండాలి. బయటి నుంచి తీయవలసిన గోడల్ని తొమ్మిది తర్వాత, వీధిలో ఉన్నవాళ్లకు చెప్పి తీయాలి. “అక్కా, అయిదు నిమిషాలు ఎగరేస్తం” అని ఒక్క మాట ముందుగా అంటే ఎవరూ కాదనరు.

ఎగరేసేది భవంతి నడుమ ఉన్న ఖాళీ జాగాలోంచి కాదు. నాలుగు వైపులా గోడలున్న ఆ నడిమి జాగాలో ఆకాశం కొంచెమే కనబడుతుంది, జీపీఎస్ ఉపగ్రహాలు సరిపడా అందవు, హోమ్ పాయింట్ (డ్రోన్ తిరిగొచ్చి దిగే చోటు) పక్కింటి మీద నమోదయ్యే ప్రమాదం ఉంది. బయట ఖాళీ జాగాలో నిలబడి, పన్నెండు ఉపగ్రహాలు అందాకనే లేపాలి. కాంక్రీటు స్లాబు మీద, ఇనుప గేటు పక్కన పెడితే లోపలి ఇనుము వల్ల దిక్సూచి తప్పుతుంది. సిగ్నల్ తెగితే డ్రోన్ దానంతట అదే తిరిగొచ్చే ఎత్తును చుట్టుపక్కల ఉన్న ఎత్తయిన తాటిచెట్టు కంటే పది, పదిహేను మీటర్లు ఎక్కువ పెట్టుకోవాలి. ఈ ఊళ్లో అది 40 మీటర్లు. కమాను కిందికో, చెట్టు కొమ్మల కిందికో పోనిచ్చేటప్పుడు మాత్రం సిగ్నల్ తెగితే ఉన్నచోటే నిలబడేలా సెట్టింగ్ మార్చాలి. లేదంటే తిరిగొచ్చే ప్రయత్నంలో పైకి లేచి కమానునే గుద్దుకుంటుంది.

అసలు పని కప్పు పటం తీయడం, అంటే పైనుంచి వరుసగా తీసిన ఫొటోలన్నీ కలిపి ఒకే చిత్రం చేయడం. 24 మిల్లీమీటర్లకు సమానమైన లెన్సుతో 30 మీటర్ల ఎత్తు నుంచి నేరుగా కిందికి చూస్తే ఒక ఫొటోలో సుమారు 41 మీటర్ల వెడల్పు, 31 మీటర్ల పొడవు నేల పడుతుంది. 12 మెగాపిక్సెల్ ఫొటోలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద ఒక సెంటీమీటరు. గూన పెంకు ఒక్కటి జారినా లెక్కపెట్టవచ్చు. ముందు ఫొటోకు తర్వాతి ఫొటో 75 శాతం కలవాలంటే ఏడెనిమిది మీటర్లకు ఒకటి, పక్క వరుసతో 70 శాతం కలవాలంటే పన్నెండు మీటర్ల ఎడం. జేపెగ్‌లో రెండు సెకన్లకు ఒకటి చొప్పున తీసేలా పెట్టి సెకనుకు మూడున్నర మీటర్ల వేగంతో పోవచ్చు. రా ఫైలు రాయడానికి ఎక్కువ సమయం పడుతుంది, అయిదు సెకన్ల విరామం, ఒకటిన్నర మీటర్ల వేగం పెట్టుకోవాలి. గడీ అంచుల బయట కూడా పదిహేను మీటర్ల దాకా కవర్ చేయాలి, లేకపోతే పిట్టగోడల దగ్గర పటం వంకరపోతుంది. ఆ తర్వాత 45 డిగ్రీల వంపుతో చుట్టూ ఒక ప్రదక్షిణ. ఇది వదిలేస్తే గోడలు మైనంలా కరిగిన ఆకారంలో వస్తాయి. ఇదంతా ఒక బ్యాటరీలో అయిపోతుంది. 30 శాతం దగ్గర దించేయాలి.

డ్రోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పుతుంది కాబట్టి కొలతకు నేల మీద గుర్తులు కావాలి. ఖాళీ యూరియా సంచుల మీద నల్ల రంగుతో పెద్ద ఇంటూ గుర్తు గీసి, నాలుగు మూలల్లో పరిచి, వాటి మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకోవాలి. గాలికి లేవకుండా ఒక్కో మూల మీద రాయి. ఇంటికొచ్చాక వెబ్‌ఓడీఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 120 ఫొటోలు వేసి రాత్రి వదిలేస్తే, 16 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్‌లో తెల్లారేసరికి కప్పు పటం తయారవుతుంది.

పటంలో ఏం కనబడింది? పడమటి వైపు వరండా పెంకులు ఒక చోట కుంగి పళ్లెంలా అయ్యాయి. వాటి కింద వాసం విరిగి ఉంటుంది. మిద్దె మీద నాలుగు తూముల్లో రెండింటి నిండా ఆకులు, మట్టి. ఆ రెండింటి కింద గోడ మీద నల్లటి చారలు, సరిగ్గా అక్కడే లోపల దూలం చివర పుచ్చింది. దక్షిణపు పిట్టగోడలో మూడు రావి మొక్కలు. రావిని పీకితే గోడ కూడా ఊడి వస్తుంది. కాండం నరికి, వేరుకు మందు పెట్టి, ఎండాక ఆ సందులో సున్నం కూరాలి. సిమెంటు కూరకూడదు. సున్నపు గోడలోని తడి సిమెంటు గుండా బయటికి రాలేక లోపలే నిలిచి, సిమెంటు చుట్టూ ఉన్న పాత గారను పొరలు పొరలుగా రాల్చేస్తుంది. ఆ గడీ తూర్పు గోడకు ఎవరో వేసిన సిమెంటు అతుకు చుట్టూ సరిగ్గా అలాగే రాలి ఉంది.

పగుళ్లు తెలియాలంటే వెలుతురు వాలుగా రావాలి. పొద్దు పొడిచిన గంటలోపు తీసిన ఫొటోలో వెంట్రుకంత పగులు కూడా నీడ గీతలా కనబడుతుంది, మధ్యాహ్నం తీస్తే అదే పగులు మాయమవుతుంది. ఇంకా మంచిది, వాన పడిన మర్నాడు రావడం. మిద్దె అంతా ఆరిపోయి, నీళ్లు తాగిన చోట్లు మాత్రం ముదురు రంగులో నిలుస్తాయి. కారే చోట్ల పటం అదే గీసి పెడుతుంది.

గడీని చూసుకునే తాత ఇంట్లో మధ్యాహ్నం భోజనం. జొన్న రొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు. తర్వాత ఉడకబెట్టిన అనపకాయలు గిన్నెడు పెట్టారు. డబ్బు ఇవ్వబోతే “ఇంటికొచ్చినోళ్ల కాడ పైసలు తీస్కుంటరా?” అన్నాడు తాత. అలాంటి చోట పిల్లల చేతిలో పెట్టడం కంటే, ఆ ఇంటివాళ్ల ఫొటో ఒకటి ప్రింటు వేయించి పంపడం మర్యాద. కప్పు పటం ఏ3 సైజులో వారసులకు ఒకటి, తాతకు ఒకటి. చీపురు పట్టి తూములు శుభ్రం చేసేది ఆయనే.

సోమవారం, డిసెంబరు 22: కౌలాస్

కామారెడ్డి, ఎల్లారెడ్డి, నిజాంసాగర్ మీదుగా పిట్లం. నిజాంసాగర్ ఆనకట్ట కనబడగానే డ్రోన్ తీయబుద్ధి అవుతుంది, తీయకూడదు. ప్రాజెక్టుల కట్టల మీద అనుమతి లేకుండా ఎగరేస్తే సిబ్బంది, పోలీసులు ఆపుతారు, పరికరం వాళ్ల చేతికి పోతుంది. పిట్లం దాటాక హైవే వదిలి ఎడమకు తిరగాలి. మ్యాప్ దగ్గరి దారి అని చూపేవి నల్లరేగడి పొలాల మధ్య బండ్ల బాటలు, రాత్రి మంచుకే బురదగా అంటుకుంటాయి. నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా తారు రోడ్డే మేలు. ఇక్కడ శనగ, కంది పైర్లు. తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ ఒకే చాయ్ దుకాణంలో వినబడతాయి. రొట్టె 15 రూపాయలు, దానితో శనగపిండి పిట్ల, వేయించిన పచ్చిమిరపకాయ.

కౌలాస్ గుట్ట మీది కోట. 1857 తిరుగుబాటు కాలంలో ఇక్కడి రాజా దీప్ సింగ్ ఈస్టిండియా కంపెనీకి వ్యతిరేకంగా జరిగిన కుట్రలో పాల్గొన్నాడని విచారణ జరిపి శిక్ష వేశారు. ఇలాంటి కోటకు వెళ్లేముందు అది కేంద్ర పురావస్తు శాఖ జాబితాలో ఉందా, రాష్ట్ర వారసత్వ శాఖ జాబితాలో ఉందా చూసుకుని, ఆ శాఖ నుంచి రాతపూర్వక అనుమతి పట్టుకెళ్లాలి. అది లేకపోతే ఎగరేయడం మానుకోవాలి.

గుట్ట కోటల దగ్గర ఎత్తు లెక్క తారుమారు అవుతుంది. తెరపై కనబడే ఎత్తు మనం లేపిన చోటి నుంచి కొలిచింది. కోట పైన లేపి లోయ వైపు పోనిస్తే తెర 60 మీటర్లే చూపుతుంది గానీ, కింద నేల నుంచి 120 దాటిపోయి ఉంటుంది. కింద గుట్ట పాదం దగ్గర లేపితే ఇంకో ప్రమాదం ఉంది. తిరిగొచ్చే ఎత్తు 40 అని పెడితే డ్రోన్ గుట్టకు అవతల ఉన్నప్పుడు సిగ్నల్ తెగి, నేరుగా కొండలోకే వస్తుంది. రెండో ద్వారం దగ్గర, నడిమి ఎత్తులో చదునైన చోటు చూసుకుని లేపడం క్షేమం.

గోడకు గాలి ఎదురుగా కొడుతుంటే అవతలి వైపు, బురుజు వెనక, సుడి పుడుతుంది. తెరపై గాలి హెచ్చరిక రాకుండానే డ్రోన్ ఒక్కసారిగా అరమీటరు కిందికి జారుతుంది. గాలి వాలు వైపు గోడకు పది మీటర్లు తగ్గకుండా ఉండాలి.

అన్నిటికంటే పెద్ద భయం తేనెటీగలు. పాత కోటల కమానుల కింద, బురుజుల చూరుల్లో పెద్ద తేనెతుట్టెలు పడతాయి. ప్రొపెల్లర్ గాలి, శబ్దం తగిలితే అవి లేచి డ్రోన్‌ను వదిలేసి మనుషుల మీద పడతాయి. మేకల కాపరులు ఉంటారు, గుడికి వచ్చేవాళ్లు ఉంటారు. ముందు నడిచి, బైనాక్యులర్‌తో ప్రతి కమానూ చూసి, తుట్టెకు 30 మీటర్ల లోపలికి పోకూడదని గీత గీసుకోవాలి. కాపరులను అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. “గా బురుజు కాడికి పోకుండ్రి, జుంటీగలు లేస్తయ్” అన్న మాట వింటే ఆ బురుజు ఫొటో వదులుకోవాల్సిందే.

గద్దలకు ఇది గూళ్లు కట్టే కాలం. పైన చుట్టూ తిరుగుతూ దగ్గరికొస్తే డ్రోన్‌ను పక్కకు తప్పించకుండా నిటారుగా పైకి లేపాలి, పైకి లేవడంలో గద్ద వెనకబడుతుంది. గద్ద వెనక్కి తగ్గగానే డ్రోన్‌ను దించేసి అరగంట ఆగాలి.

మధ్యాహ్నం రెండు తర్వాత పడమటి గోడలు మెరిశాయి. ఉత్తరపు గోడలు మాత్రం రోజంతా నీడలోనే. ఈ రోజుల్లో మన దగ్గర సూర్యుడు తూర్పుకు పాతిక డిగ్రీలు దక్షిణంగా పొడుస్తాడు, మధ్యాహ్నం కూడా దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఉత్తరపు ముఖానికి పొద్దున, సాయంత్రం కొద్దిగా ఎండ తగలడం మార్చి చివర మొదలవుతుంది. నిండు ఎండ పడేది మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా, సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరిగినప్పుడే. జూన్‌లో వానలు మొదలయ్యే లోపు, మే చివర్లో ఉదయం ఏడు గంటలకు ఆ గోడల కోసం మళ్లీ రావాలి. అప్పటి ఎండకు డ్రోన్ 40 డిగ్రీల హద్దును తొమ్మిదింటికే తాకుతుంది కాబట్టి, బ్యాటరీలను తడిగుడ్డ చుట్టిన డబ్బాలో నీడన ఉంచి, ఒక్కో ఎగురుడుకు మధ్య పదిహేను నిమిషాలు చల్లారనివ్వాలి.